మూడు సెంట్లలో ఒక సొరపాదు

మా ఆయన పన్నెండేళ్లు మస్కట్‌లో ఇసుక చూసి చూసి ఇంటికొచ్చారు. వచ్చిన కొత్తలోనే ఇంట్లో ప్లాస్టిక్ కవరు కనపడకూడదన్నారు. ఆ తరువాత వంటింటి చెత్త బయట పారెయ్యకూడదన్నారు. ఆ పైన గిన్నెలు కడిగిన నీళ్లు డ్రైనేజీలోకి పోకూడదన్నారు. మంచి మాటలే, కాదని ఎవరంటారు? కాకపోతే అనడం ఆయన వంతు, మొయ్యడం నా వంతు అయింది. వంటింటి తూముకి గొట్టం పెట్టి పెరట్లోకి మళ్లించాలంటే గోడ పగలగొట్టాలి. గోడ పగలగొట్టేదాకా బకెట్లున్నాయి, బకెట్లు మొయ్యడానికి నేనున్నాను.

నేను బళ్లో సైన్సు టీచర్ని. ఇంట్లో ఈ భాగవతం చాలదన్నట్టు బళ్లో ఎకో క్లబ్బు కూడా నాకే అంటగట్టారు. మొక్కల గురించి అక్కడ పిల్లలకి చెప్పి, సాయంత్రం రాజోలు బస్సులో నిలబడి వచ్చి, చెప్పులు విప్పకుండానే పెరట్లో కంపోస్టు డ్రమ్ము మూత తీసి కర్రతో కలపాలి. కలపకపోతే వాసనొస్తుంది. వాసనొస్తే పక్కింటివాళ్లు గోడ మీంచి చూస్తారు. ఒకటి రెండుసార్లు పురుగులు డ్రమ్ములోంచి బయటికొచ్చి వంటింటి గుమ్మం దాకా నడిచాయి. ఆ రోజు నేను అన్నం తినలేదు. మా ఆయన మాత్రం అవి మంచి పురుగులేనని ఫోనులో వీడియో చూపించారు.

మాది మూడు సెంట్ల స్థలం. అందులో ఇల్లు పోగా పెరడని మేం చెప్పుకునేది నాలుగు మంచాలు పట్టేంత జాగా. పల్లం కావడంతో ఇల్లు కట్టేటప్పుడు ఇసుక, పాత గోడల ముక్కలు పోసి మెరక చేశారు. చుట్టూ ఎటు చూసినా కొబ్బరితోటలే, ఒక్క చెట్టూ మాది కాదు. కర్ర పాతినా చిగురిస్తుందని పేరున్న సీమలో, మా పెరట్లో మాత్రం తోటకూర కూడా మొహం మాడ్చుకుని లేచేది. కొబ్బరి పొట్టు బస్తాలు తెచ్చి కలిపాం, పేడ కలిపాం, డ్రమ్ములో ఎరువు కలిపాం. రెండేళ్లకి ఆ ఇసుక కాస్త మట్టి రంగుకి తిరిగింది.

ఇదంతా మా అత్తగారు వీధి అరుగు మీద కూర్చుని వింటూ ఉండేవారు. చూస్తూ అనను. ఒక కంటికి ఆపరేషన్ సరిగ్గా కుదరలేదు, రెండోది మసక. కూలికి వెళ్లి కొడుకుని చదివించుకున్న మనిషి. వరిచేలో నాట్లు, కోతలు, కొబ్బరితోటల్లో దింపు తీసినప్పుడు కాయలు ఏరి గుట్ట పెట్టడం, ఒలిచిన పీచు డొక్కలు మోయడం, అన్నీ చేశారు. మా ఆయన పీచుతో గిన్నెలు తోమాలి, కుంకుడుకాయ వాడాలి, సంచి పట్టుకెళ్లాలి అని ఉపన్యాసం మొదలెడితే ఆవిడ బోసినోటితో నవ్వేవారు.

"ఒరేయ్ అబ్బాయ్, ఇదంతా మేం చేసిందేరా. మేం లేక చేసేం. నువ్వు కొనుక్కొచ్చి మరీ చేస్తున్నావు."

ఆ మాటకి నేను కూడా నవ్వాను. ఆ వారంలో నేను నవ్వింది అదొక్కసారే అనుకుంటాను.

వానలు కాస్త తెరిపిచ్చిన రోజుల్లో ఒక పొద్దున్న ఆవిడ నన్ను పిలిచి, కొంగు ముడి విప్పి, నాలుగు సొరగింజలు నా అరచేతిలో పోశారు. ఎవరిని అడిగి తెచ్చుకున్నారో తెలీదు. పెరట్లో వాటికి ఒక మూల ఇమ్మన్నారు. ఆ మూల మా ఆయన టమాటాల కోసం ఉంచుకున్నారు. ఎందుకండీ అత్తయ్యా అని అడిగాను.

"కోతకాల పండక్కి పట్టుకెళ్దామని" అన్నారు.

మా గుళ్లో, అంటే మా చర్చిలో, సార్వా వరికోతలయ్యాక ఆ పండుగ వస్తుంది. ఎవరికి పండిన పంట వాళ్లు తెచ్చి ప్రార్థన బల్ల ముందు పెడతారు. వడ్లు, అరటిగెలలు, కొబ్బరికాయలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోడిపుంజులు. ప్రార్థన అయ్యాక వాటిని వేలం వేస్తారు, పాడుకున్నవాళ్లు పట్టుకుపోతారు. మాబోటి ఉద్యోగాలవాళ్లం కవరులో కానుక పెట్టి ఇచ్చేస్తాం. మేమూ అన్నేళ్లూ కవరే ఇచ్చాం. ఈసారీ కవరు ఇస్తాంగా, మీకెందుకండీ ఈ శ్రమ అన్నాను. శ్రమ ఎవరిదో నాకు తెలుసు కాబట్టే అన్నాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

"చిన్నప్పట్నించీ ఆ పండక్కి ఒట్టి చేతుల్తో వెళ్లలేదమ్మా. మా అమ్మ కూలి గింజలు చాటలో పోసి ఇచ్చేది. నేనూ అలాగే ఇచ్చేను. నేను కోసినవే గాని, అవి నా చేలో పండినవి కావు కదా. ఎవరి పంటో అది. మన మట్టిలో కాసిన కాయ ఒక్కటి, నా కాళ్ల మీద నేను నడవగలిగినప్పుడే, పట్టుకెళ్లి అక్కడ పెట్టాలని ఉంది. ఒక్కటి చాలు."

మా ఆయన టమాటాలు డాబా మీదకి ఎక్కాయి. సొరగింజలు ఆ మూల మట్టిలోకి వెళ్లాయి.

ఆ రోజునుంచీ ఆవిడ అరుగు మీద కూర్చోవడం మానేసి పెరట్లో పీట వేసుకున్నారు. మొలక రెండాకులు వేసినప్పుడు వేలితో తడిమి, "ఆయ్, లేచింది" అన్నారు. పందిరికి వెదుళ్లు నేను, మా ఆయన కలిసి కట్టాం. కట్టినంతసేపూ పోట్లాడుకున్నాం. తీగ పందిరెక్కింది. తెల్లగా పూలు పూసింది. ఆవిడ ఆ పూలు కనపడకపోయినా మొహం అటే తిప్పుకుని కూర్చునేవారు. నిజం చెప్పాలంటే అప్పటికి నాక్కూడా ఆ పాదు మీద కొంచెం ఆశ పుట్టింది. బస్సు దిగి ఇంటికొస్తూ ఇవాళ పిందె పడిందో లేదో అనుకునేదాన్ని.

పిందెలు పడ్డాయి. పడ్డవి పడ్డట్టే పసుపెక్కి రాలిపోయాయి. ఆవిడ పీట చుట్టూ చేత్తో వెతికి, రాలిన పిందెలు ఏరి కొంగులో వేసుకునేవారు. మా ఆయన పుల్లటి మజ్జిగ చల్లాలన్నారు. చల్లాం. పెరడంతా మజ్జిగ వాసనేసింది గాని పిందె నిలవలేదు.

"పండక్కి అందదేమోనమ్మా" అన్నారు ఆవిడ ఒకరోజు. మామూలుగా ఫిర్యాదులు చేసే మనిషి కాదు.

అదే రోజుల్లో ఇంకో తలనొప్పి వచ్చి పడింది. ఆవిడకి ఏడాదిగా బీపీ. ఉప్పు బాగా తగ్గించాలని డాక్టరు గట్టిగా చెప్పడంతో, రోజూ ఆవిడ కూర వేరే గిన్నెలో చప్పిడిగా వండుతాను. అందరికీ ఒక కూర, ఆవిడకొకటి. వండడం కష్టం కాదు. ఆవిడ ఒక్కరే ఆ గిన్నె ముందు కూర్చుని, మారు మాట్లాడకుండా నమలడం చూడడం కష్టం. ఇంతలో చేపలు కడగడానికని ఉంచిన కల్లుప్పు జాడీ ఉన్నట్టుండి తరిగిపోవడం మొదలెట్టింది. నిండుగా పోసిన జాడీ వారం తిరక్కుండా సగానికొచ్చింది. బీపీ చూపిస్తే అది ఎక్కువే ఉంది. ఇంకేముంది, నాకు అర్థమైపోయిందనుకున్నాను.

"అత్తయ్యా, చాటుగా ఉప్పు తింటున్నారాండీ?" అని అడిగేశాను. అలసట మీద ఉన్నానేమో, గొంతు కొంచెం పెద్దదే అయింది.

"లేదమ్మా" అన్నారు. అని మొహం గోడవైపు తిప్పుకున్నారు. తిప్పుకున్నారంటే తిన్నట్టే అనుకున్నాను.

తరువాత ఒకరోజు ఉపాధ్యాయుల మీటింగు ఉండి బడి ఒంటిపూటే పెట్టారు. ఆ మీటింగు కూడా తొందరగా ముగిసింది. ఇంటికొచ్చేసరికి వీధి తలుపు దగ్గరగా వేసి ఉంది. మా ఆయన ఏదో పనిమీద అమలాపురం వెళ్లారు. పెరట్లోకి వెళ్లి గుమ్మంలోనే ఆగిపోయాను.

ఆవిడ పీట మీద ముందుకి వంగి కూర్చుని ఉన్నారు. సొరపాదు మొదలు చుట్టూ చిన్న గునపంతో గుండ్రంగా గాడి తీశారు. కొంగులోంచి కల్లుప్పు పిడికిలితో తీసి, ఆ గాడిలో సమంగా, ఎక్కడా ఎక్కువా తక్కువా కాకుండా, చల్లుతున్నారు. చల్లి, మట్టి కప్పి, అరచేత్తో అదిమారు. పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన చేస్తున్నారు.

మా వైపు కొబ్బరి చెట్టుకి పిందె రాలితే ఉప్పు పెడతారు. మొదలు చుట్టూ గాడి తవ్వి, ఉప్పు పోసి, మట్టి కప్పుతారు. కొబ్బరికి ఉప్పు పడుతుంది, పిందె నిలుస్తుంది. ఆవిడ సగం జీవితం ఎవరెవరి తోటల్లోనో ఆ పని చేశారు. పిందె రాలుతున్న చెట్టు కనబడితే ఆ చేతులకి ఇంకో మందు తెలీదు. బళ్లో పిల్లలకి ఉప్పుమట్టిలో మొక్క ఎందుకు చస్తుందో బొమ్మ గీసి మరీ చెప్పేదాన్ని, నా పెరట్లో వారానికి పైగా ఉప్పు పడుతుంటే జాడీ చూసి ఆవిడ నోటిని అనుమానించాను.

చెప్పడానికి నోరు తెరిచాను. ఇది కొబ్బరి చెట్టు కాదండీ అత్తయ్యా, అనడం ఒక్క నిమిషం పని. ఆ తరువాత ఆవిడ మొహం చూడాలి. అది నా వల్ల కాదనిపించింది. చప్పుడు చెయ్యకుండా వెనక్కి వెళ్లి, వీధి తలుపు గట్టిగా తీసి, అప్పుడే వచ్చినట్టు "అత్తయ్యా" అని పిలిచాను. ఆ సాయంత్రమే కల్లుప్పు జాడీ అటక మీద పెట్టేశాను.

ఇక మొదలైంది నా చాకిరీ. ఆవిడ కునుకు తీసే వేళ చూసుకుని, బోరు కింద బకెట్ పెట్టి, పాదు మొదట్లో నీళ్లు కుమ్మరించాను. ఉప్పు కిందకి దిగిపోవాలంటే అదొక్కటే దారి. బడినుంచి రాగానే అదే పని. ఆదివారం గుడినుంచి రాగానే అదే పని. నడుం పట్టేసింది. చీర కుచ్చిళ్లు ఎప్పుడూ తడే. గిన్నెలు కడిగిన నీటిబొట్టు కూడా వదలకూడదనే మా ఆయన ఒకసారి చూసేశారు.

"ఏంటే ఇది! ఇన్ని నీళ్లు పాడుచేస్తావా?"

"పాదుకి వేడి చేసిందండీ" అన్నాను.

"మొక్కకి వేడి చెయ్యడమేంటి?"

"సైన్సు మీరు చెప్తున్నారా, నేను చెప్తున్నానా?" అన్నాను. తల్లి చేసిన పని ఆయనకి చెప్పలేదు. చెబితే ఆయన నొచ్చుకునేలా ఏమీ అనరు. కాని నవ్వుతారు. ఆ నవ్వు కూడా ఆవిడ వినకూడదనుకున్నాను.

నీళ్లు పొయ్యడం ఆలస్యమైపోయింది. ఆకులు అంచులనుంచి మాడుతూ వచ్చాయి. తీగ కొసలు వాడి వేలాడాయి. విచిత్రమేమిటంటే ఒక్క పిందె మాత్రం రాలకుండా నిలబడింది. ఆవిడ రోజూ పొద్దున్నే దాన్ని చేత్తో కొలిచేవారు. బెత్తెడుంది అనేవారు. కొన్నాళ్లకి బెత్తెడు దాటింది అన్నారు. జానెడు కాకముందే పాదు పూర్తిగా పడుకుంది.

మా ఆయన దానికి కారణం కనిపెట్టారు. రొయ్యల చెరువులు. "కాట్రేనికోన వైపు చూడండి, ఎన్ని ఊళ్లలో బోర్లు ఉప్పగా మారిపోయాయో. ఆ ఉప్పు నేల కిందనుంచి పాకి మన దాకా వచ్చేసింది. ఇక ఇక్కడేం బతుకుతుంది!" అని ఊగిపోయారు. ఆయన చెప్పింది అబద్ధమని నేననను. చెరువుల పక్కనున్న చేలవాళ్ల గోడు నేను విన్నాను. మా పాదుని చంపింది మాత్రం అది కాదు. నేను వంటింట్లో గిన్నెలు తోముతూ ఊరుకున్నాను.

"అయ్యుండొచ్చురా" అన్నారు మా అత్తగారు మెల్లిగా.

పండుగ ముందురోజు మా ఆయన నన్ను పక్కకి పిలిచారు. సంతలో మంచి సొరకాయ కొనుక్కొస్తానన్నారు. "అమ్మకేం కనపడదు కదా, చేతిలో పెడితే మనదే అనుకుంటుంది. సంతోషపడుతుంది."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "రోజూ తడిమి కొలుచుకున్న కాయండీ అది. చూడకుండా తడిమినా మీ ఫోను మీకు తెలీదా? ఆవిడకి ఆ కాయ తెలీదా?" అన్నాను. నెలల తరబడి మోసిన బకెట్లన్నీ ఆ మాటలో పడ్డాయి.

లోపలినుంచి ఆవిడ గొంతు వినపడింది. "ఉన్నదే పట్టుకెళ్దాంరా."

పొద్దున్నే ఆవిడే కోశారు. ఎండిన తీగని ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో కాయ తొడిమ దగ్గర కత్తి పెట్టారు. ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టుకుని, కాయని కొంగుతో తుడిచి, ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కారు.

గుడి నిండిపోయింది. వరండాలో కోళ్లు అరుస్తున్నాయి. బల్ల ముందు వడ్ల బస్తాలు, గెలలు, చెరుకుగడలు. కొంతమంది ఆపిల్ పళ్ల బుట్టలు కూడా తెచ్చారు. మా సీమలో ఆపిల్ ఎవరి తోటలో కాసిందో మరి, అడగాలనిపించి ఊరుకున్నాను. కీర్తన మొదలవగానే జనం వరసకట్టి ముందుకి నడిచారు. నేను చెయ్యి పట్టుకోబోతే ఆవిడ వద్దన్నారు. రెండు చేతులా ఆ కాయని పట్టుకుని, చాప అంచు కాలికి తగలగానే దాని వెంబడే, ఒక్కో అడుగూ వెతుక్కుంటూ నడిచారు. వెనకున్నవాళ్లు ఆగారు. ముందున్నవాళ్లు జరిగారు. పెద్ద పెద్ద గుమ్మడికాయల పక్కన మా కాయని పెట్టి, పాస్టరు అయ్యగారు తలమీద చెయ్యి వేస్తే కళ్లు మూసుకున్నారు. నాకు దుఃఖం పొంగుకొచ్చింది. ఇందుకోసమేనా ఇంత అనుకున్నాను. అవును, ఇందుకోసమే.

వేలం దగ్గర నవ్వులు, హాస్యాలు మామూలే. పెద్ద గెలలకి గట్టి పోటీ అయింది. మా సొరకాయ వంతు రాగానే వేలం వేసే సంఘపెద్దగారు దాన్ని పైకెత్తి చూపించారు.

"లేత కాయండీ, రొయ్యలేసి వండుకుంటే అమృతం! ఎవరు పాడతారండీ?"

ఎవరో మొదలెట్టారు. చిన్న కాయ అయినా ఎవరో ఇంకాస్త పెంచారు. ఇంతలో చాప మీదనుంచి మా అత్తగారు చెయ్యెత్తారు.

"నేను పాడతానండి."

సంఘపెద్దగారు నవ్వేశారు. "మీరు ఇచ్చిందే మీరు పాడుకుంటారేంటండీ పిన్నిగారూ?"

"ఆయ్. నేనే పాడుకుంటానండి" అన్నారు. ఎవరు పెంచినా ఆవిడ ఇంకా పెంచారు. గొంతులో ఒక పట్టుదల. అవతలివాళ్లు నవ్వుతూనే వదిలేశారు. మా ఆయన తల వంచుకుని జేబులోంచి పర్సు తీశారు. నాకు ఒళ్లు మండింది. ఇవ్వాలని కదా ఇన్నాళ్లూ తపించింది, ఇచ్చింది మళ్లీ ఇంటికి తెచ్చుకోవడమేమిటి? ముసలితనం చాదస్తం అనుకున్నాను.

ఇంటికొచ్చాక చీర మార్చుకుని పొయ్యి వెలిగించాను. ఆవిడ కాయ నా చేతిలో పెట్టి, వంటింటి గడప మీద కూర్చున్నారు. సంఘపెద్దగారన్నట్టే కాసిని రొయ్యలు వేసి పోపు పెట్టాను. అలవాటుగా ఆవిడ చప్పిడి కూరకి చిన్న గిన్నె పక్కన పెట్టుకుని, పెద్ద గిన్నెలో వెయ్యడానికి ఉప్పు డబ్బా మూత తీశాను. ఆ మూత చప్పుడు ఆవిడకి వినపడింది.

"దాంట్లో ఉప్పు వెయ్యకమ్మా."

"మీది వేరే తీస్తానండీ. ఇది మాకు."

"వద్దమ్మా. దానికి ఉప్పు నేనే ఎప్పుడో వేసేసేను."

చెంచా పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆవిడ మొహం పెరటివైపు ఉంది.

"నేను పడుకుంటే నువ్వు నీళ్లు పోసేదానివి. ఒక్కోసారి పది బకెట్లు. కళ్లు పోయేయి గాని చెవులు పోలేదు కదా. జాడీ వెతికితే దొరకలేదు. అప్పుడు తెలిసింది, నేనేం చేసేనో." గొంతు తగ్గించారు. "అబ్బాయికి చెప్పకు. పాపం ఆ చెరువులవాళ్లని తిట్టుకోనీ. ఇది ఇంకోళ్లింటికి పోకూడదని పాడుకున్నాను. నా తప్పు ఇంకోళ్ల కంచంలో పడడమెందుకూ?"

కాయలోకి ఉప్పు అలా రాదండీ అని నాకు తెలుసు. సైన్సు టీచర్ని. చెప్పలేదు. కళ్లు తుడుచుకుని ఉప్పు డబ్బా మూత పెట్టేశాను. చిన్న గిన్నె కడిగి బోర్లించాను.

ఆ మధ్యాహ్నం ముగ్గురం ఒకే గిన్నెలోంచి కూర వడ్డించుకున్నాం. మా ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నావైపు చూశారు. నేను తలెత్తలేదు. ఆయన ఏమీ అడగకుండా తినేశారు. చప్పిడి కూర ముందు ఆవిడ ఒక్కరే కూర్చోకపోవడం ఆ ఏడాదిలో అదే మొదటిసారి.